సీటు పోయినా స్టీరింగ్ వదలని కోబయాషి



కిందటి సెప్టెంబరులో ఎనిమిదో తరగతి తెలుగు నోటుపుస్తకాలు దిద్దుతుంటే ఒక పుస్తకం దగ్గర నా ఎర్ర పెన్ను ఆగిపోయింది. ఆగస్టు దాకా గుండ్రటి, ముచ్చటైన అక్షరాలు. ఆ తరువాత అన్నీ ఖాళీ పేజీలే. చివరి పేజీలో మాత్రం ఒక రేసు కారు బొమ్మ, దాని పక్కన "కముయి" అని ఒకే ఒక్క మాట.

ఆ అబ్బాయిని పిలిచి అడిగాను. తల వంచుకుని చెప్పాడు: "నాన్నగారికి జోధ్‌పూర్ బదిలీ అయింది మేడమ్. డిసెంబరులో వెళ్ళిపోతాం. అక్కడి బడిలో తెలుగు ఉండదట. ఇంక రాసి ఏం లాభం?"

ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఎందుకంటే ఆ మాట నేనూ చాలాసార్లు అనుకున్నదే. ఈ ఉద్యోగంలో ధౌలా కువాన్ నాకు ఐదో ఊరు. ఒక ఊరి క్వార్టర్స్‌లో కరివేపాకు మొక్క నాటాను. అది మోకాలి ఎత్తు అయ్యేసరికి బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. ఆ తరువాతి ఊళ్ళో మొక్కే నాటలేదు. "ఎలాగూ వెళ్ళిపోతాం కదా" అనుకున్నాను. మీ ఇళ్ళలో కూడా ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది.

జవాబు దొరక్క మాట మార్చాను. "కముయి అంటే ఎవరు?" అని అడిగాను. అంతే, అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న పిల్లవాడు ఐదు నిమిషాలు ఆగకుండా మాట్లాడాడు. జపాన్ దేశపు కారు రేసు డ్రైవర్ కముయి కోబయాషి గురించి నాకు మొదట పాఠం చెప్పింది ఆ అబ్బాయే. ఆ తరువాత నేనూ చదివి తెలుసుకున్నాను. తెలుసుకున్న కొద్దీ ఆ అబ్బాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఆ బొమ్మలోనే ఉందనిపించింది. అందుకే ఈ వ్యాసం.

సుషీ దుకాణం నుంచి రేసు బాటకు

కముయి కోబయాషి 1986 సెప్టెంబరు 13న జపాన్‌లో పుట్టాడు. ఊరి పేరు అమగసాకి. ఒసాకా మహానగరం పక్కన ఉన్న పారిశ్రామిక పట్టణం అది. అతని తండ్రికి అక్కడ సుషీ దుకాణం ఉంది. సుషీ అంటే పుల్లటి అన్నంతో, చేపతో చేసే జపాన్ వంటకం.

తొమ్మిదేళ్ళ వయసులో కోబయాషి గో-కార్ట్ నడపడం మొదలుపెట్టాడు. పైకప్పు లేని, నేలకు జానెడు ఎత్తులో పరిగెత్తే చిన్న బండిని కార్ట్ అంటారు. క్రికెట్ ఆటగాళ్ళు గల్లీలో మొదలుపెట్టినట్టు ప్రపంచంలోని పెద్ద పెద్ద రేసు డ్రైవర్లందరూ దాదాపు కార్ట్‌తోనే మొదలుపెడతారు. అక్కడ రాణించినవాళ్ళు చిన్న కార్లకు, అక్కడి నుంచి ఇంకా వేగంగా పోయే కార్లకు మెట్టు మెట్టుగా ఎక్కుతారు.

కోబయాషి ప్రతిభను టయోటా కంపెనీ గుర్తించింది. యువ డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే తన పథకంలో చేర్చుకుని 2004లో యూరప్ పంపింది. అప్పటికి అతని వయసు పదిహేడు. మన పదకొండు, పన్నెండు తరగతుల పిల్లల వయసు. కొత్త దేశం, కొత్త భాష, కొత్త తిండి. మీకు ఇది కొంత తెలుసు. కొత్త బడిలో మొదటి రోజు మధ్యాహ్నం డబ్బా తెరిచేటప్పుడు ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక కాసేపు నిలబడిపోతాం కదా, అలాంటిదే. కాకపోతే మీతో అమ్మానాన్నలు ఉంటారు.

మరుసటి ఏడాదికల్లా, అంటే 2005లో, అతను ఫార్ములా రెనో అనే పోటీలో ఇటలీ చాంపియన్, యూరప్ చాంపియన్ రెండూ అయ్యాడు.

ఇది చదివి ఆ తరువాత అన్నీ విజయాలే అనుకోకండి. పై మెట్టు ఎక్కగానే కష్టాలు మొదలయ్యాయి. 2008, 2009 సంవత్సరాల్లో జీపీ2 అనే పోటీలో నడిపాడు. ఫార్ములా వన్‌కు సరిగ్గా ఒక మెట్టు కింద ఉండే పోటీ అది. దాని ఆసియా సిరీస్‌లో చాంపియన్‌గా నిలిచాడు కానీ ప్రధాన సిరీస్‌లో రెండేళ్ళూ పట్టికలో బాగా కిందే ఉండిపోయాడు. అతని ప్రయాణం ఇక్కడితో ముగిసినట్టే అనుకున్నవాళ్ళు చాలామంది.

రెండే రెండు రేసులు

ఇక్కడ ఫార్ములా వన్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఒక్కరే కూర్చునే, చక్రాలు బయటికి కనిపించే కార్లతో జరిగే పోటీల్లో అన్నిటికన్నా పెద్దది ఇది. ఏడాది పొడుగునా వేరువేరు దేశాల్లో రేసులు జరుగుతాయి. ఆ ఒక్కో రేసును గ్రాండ్ ప్రి అంటారు. జట్లు తక్కువ, జట్టుకు రెండే కార్లు. 2012లో మొత్తం 12 జట్లు, 24 మంది డ్రైవర్లు. ప్రపంచం మొత్తానికి 24 సీట్లే అన్నమాట. ఐఐటీ సీట్లతో పోల్చి చూసుకోండి.

2009లో కోబయాషి టయోటా జట్టులో అదనపు డ్రైవర్. అంటే అసలు డ్రైవర్లకు ఏమైనా అయితేనే అతనికి అవకాశం. ఆ ఏడాది జపాన్ గ్రాండ్ ప్రి అర్హత పోటీలో టీమో గ్లాక్ అనే డ్రైవర్ గాయపడ్డాడు. దాంతో సీజన్లో మిగిలిన చివరి రెండు రేసులు కోబయాషికి దక్కాయి. మొదటిది బ్రెజిల్‌లో. అందులో తొమ్మిదో స్థానం. ఆ ఏడాది ప్రపంచ చాంపియన్ అయిన జెన్సన్ బటన్‌ను చాలాసేపు తన వెనుకే ఉంచి, దాటడానికి తేలిగ్గా దారి ఇవ్వలేదు. రెండోది నవంబరు 1న అబుదాబిలో. అక్కడ అదే బటన్‌ను దాటాడు కూడా. ఆరో స్థానం.

వచ్చే ఏడాదికి సీటు ఖాయమనుకున్నారు అందరూ. సరిగ్గా మూడు రోజులకు, నవంబరు 4న, ఫార్ములా వన్ నుంచి తప్పుకుంటున్నామని టయోటా ప్రకటించింది. ఆ ప్రకటన చేస్తూ జట్టు అధిపతి తదాషి యమషినా అందరి ముందే కన్నీళ్ళు పెట్టుకున్నారు. కోబయాషికి జట్టే లేకుండా పోయింది. వేరే దారి దొరక్కపోతే ఊరికి వెళ్ళి నాన్న దుకాణంలో సుషీ చేస్తానని చెప్పుకున్నాడు.

ఇప్పుడు ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఆ రెండు రేసులూ అతను ఎలా నడిపి ఉండవచ్చు? "ఇది గ్లాక్ సీటు, నాది కాదు. రెండు వారాల ముచ్చటే" అని జాగ్రత్తగా, కారుకు గీత పడకుండా నడిపి ఇచ్చేసి ఉండవచ్చు. అలా చేసినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కానీ అతను అలా నడపలేదు. స్విట్జర్లాండ్‌కు చెందిన పీటర్ సౌబర్ ఆ రెండు రేసులనూ చూశారు. 2010కి తన జట్టులో సీటు ఇచ్చారు. జీపీ2 పట్టికలోని కింది స్థానాలు కాదు, అరువు సీటులో చూపిన పనితనం అతనికి ఉద్యోగం తెచ్చిపెట్టింది.

జడపిన్ను మలుపు దగ్గర

సౌబర్ జట్టు పెద్దది కాదు, డబ్బున్నదీ కాదు. గెలిచే కారు కాదని కోబయాషికి తెలుసు. ఆ కారుతోనే అతను మంచి పేరు తెచ్చుకున్నాడు. ఎలాగో చెబుతాను.

రేసులో ముందున్న కారును దాటడానికి అనువైన చోటు మలుపు. తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు పూర్తిగా వెనక్కి తిరిగినట్టుండే మలుపులు చూశారు కదా. జడపిన్ను ఆకారంలో ఉంటాయి కనుక వాటిని ఇంగ్లీషులోనూ హెయిర్‌పిన్ అనే అంటారు. అంత మలుపు తిరగాలంటే వేగం బాగా తగ్గించాలి. ముందున్న డ్రైవర్ ఒక చోట బ్రేకు వేస్తాడు. వెనకవాడు అంతకన్నా కొన్ని మీటర్ల తరువాత బ్రేకు వేస్తే ఆ కాస్త తేడాలో పక్కనుంచి ముందుకు వెళ్ళిపోవచ్చు. మరీ ఆలస్యంగా వేస్తే మలుపు తిరగలేక బయటికి పోతాడు, లేదా పక్క కారును గుద్దుతాడు. తేడా సెకనులో పదో వంతు కూడా ఉండదు. ఈ విద్యలో కోబయాషి దిట్ట.

2010 అక్టోబరులో జపాన్‌లోని సుజుకా బాట మీద అతను పద్నాలుగో స్థానం నుంచి బయలుదేరాడు. అక్కడి జడపిన్ను మలుపు దగ్గర ఒకరి తరువాత ఒకరిని దాటుకుంటూ ఏడో స్థానంలో ముగించాడు. అదే ఏడాది స్పెయిన్‌లోని వలెన్సియాలో ఇంకో తమాషా చేశాడు. అందరూ టైర్లు మార్చుకోవడానికి ఆగితే అతను మాత్రం 57 చుట్ల రేసులో దాదాపు చివరిదాకా పాత టైర్ల మీదే మూడో స్థానంలో నడిపాడు. తరువాత కొత్త టైర్లు వేయించుకుని వచ్చి, మిగిలిన నాలుగైదు చుట్లలో ఫెర్నాండో అలోన్సోను దాటాడు, ఆఖరి చుట్టులో ఆఖరి మలుపు దగ్గర సెబాస్టియన్ బ్యూమిని దాటాడు.

2012 అక్టోబరు 7. మళ్ళీ సుజుకా. ఈసారి కోబయాషి మూడో చోటు నుంచి బయలుదేరాడు. రేసు చివరి చుట్లలో అతని వెనుక తరుముకొస్తున్నది ఎవరనుకున్నారు? జెన్సన్ బటనే. సుమారు అర సెకను తేడాతో కోబయాషి మూడో స్థానం నిలబెట్టుకున్నాడు. సొంత దేశంలో జరిగిన గ్రాండ్ ప్రిలో ఒక జపాన్ డ్రైవర్ బహుమతి వేదిక ఎక్కడం 1990లో అగురి సుజుకి తరువాత అదే మొదటిసారి. స్టాండ్లలోని వేలమంది "కముయి, కముయి" అని ఒకే గొంతుతో అరిచారు. మన అబ్బాయి నోటుపుస్తకంలో రాసుకున్న మాట అదే.

మన ఊరికి వచ్చిన కోబయాషి

ఆ రేసు అయిన మూడు వారాలకు కోబయాషి మన దగ్గరికే వచ్చాడు. ఢిల్లీకి పక్కనే గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్ ఉంది. యమునా ఎక్స్‌ప్రెస్ వే మీదుగా ఆగ్రా వెళ్ళేవాళ్ళకు దాని స్టాండ్లు కనిపిస్తాయి. ధౌలా కువాన్ నుంచి రింగు రోడ్డు రద్దీ దాటుకుని వెళ్ళాలంటే గంటన్నర, రెండు గంటలు పడుతుంది. జర్మనీకి చెందిన హెర్మన్ టిల్కే రూపొందించిన ఈ బాట పొడవు అయిదు కిలోమీటర్ల పైచిలుకు. 2011, 2012, 2013 సంవత్సరాల్లో ఇక్కడ ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగింది. మూడుసార్లూ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. తరువాత పన్నుల తగాదాల వంటి కారణాలతో ఆ రేసు ఆగిపోయింది.

కోబయాషికి మన ఊరు కలిసిరాలేదు. 2011 అక్టోబరు 30న మొదటి చుట్టులోనే ఢీకొని తప్పుకున్నాడు. 2012 అక్టోబరు 28న పూర్తి చేశాడు కానీ ఒక్క పాయింటూ రాలేదు. సుజుకాలో వేలమంది పేరు పెట్టి అరిచిన మనిషి మూడు వారాల తరువాత ఇక్కడ గుంపులో ఒకడు. ఆ మరుసటి నెలలోనే సౌబర్ జట్టు వచ్చే ఏడాది డ్రైవర్ల పేర్లు ప్రకటించింది. అందులో కోబయాషి పేరు లేదు.

ఇది న్యాయమా అని మీరు అడగవచ్చు. ఆ ఏడాది అతను 60 పాయింట్లు తెచ్చాడు. కానీ చిన్న జట్లు నడవాలంటే స్పాన్సర్ల డబ్బు కావాలి. ఆ డబ్బు వెంట తెచ్చే డ్రైవర్లు ఉంటారు. కోబయాషి వెనుక అంత పెద్ద స్పాన్సర్ లేడు. అతని అభిమానులు చందాలు వేసుకున్నారు. పది కోట్ల యెన్లకు పైగా పోగైంది. అయినా 2013కి సీటు దొరకలేదు. బాగా పనిచేసినవాళ్ళకు ప్రతిసారీ తగిన ఫలితం దక్కుతుందని నేను మీకు చెప్పను. అది నిజం కాదు.

మన దేశపు డ్రైవర్ ఒకరు ఇదే అనుభవాన్ని అటువైపు నుంచి చూశారు. కోయంబత్తూరుకు చెందిన నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన మొట్టమొదటి భారతీయుడు. 2011లో, 2012లో బుద్ధ్ సర్క్యూట్ మీద కోబయాషితో పాటు ఆయన కూడా పోటీపడ్డారు. ఫార్ములా వన్ తలుపులు మూసుకున్నాక ఆయన ఎక్కడికి వెళ్ళారో తెలుసా? జపాన్‌కు. 2014 నుంచి 2018 దాకా అక్కడి సూపర్ ఫార్ములాలో, 2019లో సూపర్ జీటీ పోటీలో నడిపారు. కోబయాషి కూడా 2015లో సొంత దేశానికి తిరిగివచ్చి సూపర్ ఫార్ములాలో చేరాడు. అమగసాకి కుర్రవాడు యూరప్ పోయి తిరిగి వచ్చేసరికి కోయంబత్తూరు మనిషి జపాన్‌లో ఇల్లు కుదుర్చుకుని ఉన్నారన్నమాట. బదిలీల లోకం ఇలాగే ఉంటుంది. ఒక ఊళ్ళో విడిపోయినవాళ్ళు ఇంకో ఊళ్ళో ఎదురవుతారు.

ఇరవై నాలుగు గంటల పరీక్ష

2013లో కోబయాషి ఫెరారీ స్పోర్ట్స్ కార్లు నడిపాడు. 2014లో కేటరమ్ అనే జట్టుతో ఫార్ములా వన్‌కు తిరిగివచ్చాడు. ఆ జట్టు అప్పుల్లో కూరుకుపోయి సీజన్ మధ్యలోనే రెండు రేసులు ఆడలేకపోయింది. అబుదాబిలో జరిగిన చివరి రేసుకు చందాల సాయంతో వచ్చింది. కోబయాషికి ఫార్ములా వన్‌లో అదే ఆఖరి రేసు. మొత్తం 75 రేసులు, 125 పాయింట్లు, బహుమతి వేదిక ఒక్కసారి. చాలామంది కథ ఇక్కడ ముగుస్తుంది.

2016లో టయోటా మళ్ళీ పిలిచింది. ఏడేళ్ళ కిందట దుకాణం కట్టేసిన అదే కంపెనీ! ఈసారి పని వేరు. అది ఓర్పు పరీక్ష పెట్టే దూరపు రేసులు. వాటిలో అన్నిటికన్నా పేరున్నది ఫ్రాన్స్‌లోని లె మాన్ పట్టణంలో జరుగుతుంది. 1923లో మొదలైన రేసు అది. సాయంత్రం మొదలుపెట్టి మరునాటి సాయంత్రం దాకా, ఇరవై నాలుగు గంటలు, చీకట్లో, వానలో కూడా కారు తిరుగుతూనే ఉంటుంది. ఒక్క చుట్టు 13.6 కిలోమీటర్లు. ఒక కారును ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. ఒకడు నడుపుతుంటే మిగతా ఇద్దరు తింటారు, కాస్త కునుకు తీస్తారు. ముగ్గురి ఒడ్డూ పొడుగూ ఒకటి కాదు, నడిపే తీరు ఒకటి కాదు, కానీ కారు ఒకటే. నా సీటు, నా కారు అనుకునేవాడు అక్కడ పనికిరాడు. తాను దిగేటప్పటికి తరువాతివాడికి కారును బాగా ఉన్న స్థితిలో అప్పగించాలి. క్వార్టర్స్ ఖాళీ చేసేటప్పుడు మీ అమ్మగారు వంటగది కడిగి తాళం ఇస్తారు చూడండి, అలాగన్నమాట.

లె మాన్‌లో టయోటా కారుతో కోబయాషి ప్రోగ్రెస్ రిపోర్టు ఇది:

2016: రెండో స్థానం.
2017: మధ్యలోనే ఆగిపోయింది.
2018: రెండో స్థానం.
2019: రెండో స్థానం.
2020: మూడో స్థానం.
2021: మొదటి స్థానం.

ఒక్కో గీత వెనుక ఒక్కో కథ ఉంది. 2017లో అర్హత పోటీలో అతను ఒక చుట్టును 3 నిమిషాల 14.791 సెకన్లలో పూర్తి చేశాడు. సగటు వేగం గంటకు 250 కిలోమీటర్ల పైన. ఆ బాట మీద అప్పటిదాకా ఎవరూ అంత వేగంగా తిరగలేదు. రేసులో కూడా రాత్రి దాకా అతని కారే ముందుంది. అప్పుడు జరిగింది వింటే నమ్మలేరు. టైర్లు, ఇంధనం చూసుకునే పిట్ నుంచి బయటికి వచ్చే దారిలో ఎర్ర దీపం ఉంటే ఆగాడు. రేసు సిబ్బంది వేసుకునేలాంటి నారింజ రంగు దుస్తుల్లో ఉన్న ఒకతను వచ్చి, బాగుందన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించాడు. అతను సిబ్బంది కాదు, వేరే జట్టు డ్రైవర్. ప్రోత్సహించాలనే అలా చేశాడు. కోబయాషి దాన్ని "వెళ్ళు" అనే సైగ అనుకుని కారు కదిలించాడు. జట్టువాళ్ళు రేడియోలో ఆగమన్నారు. మళ్ళీ కదిలించాల్సి వచ్చింది. ఆ కారు ఆగిన చోటు నుంచి మామూలుగా విద్యుత్ మోటారుతో కదలాలి. ఈ గందరగోళంలో ఇంజనుతో, క్లచ్‌తో పదేపదే కదిలించేసరికి క్లచ్ కాలిపోయింది. ఒక మంచి మాట లాంటి సైగ, ఒక ఏడాది కష్టం. ఆ డ్రైవర్ తరువాత క్షమాపణ చెప్పాడు.

2019లో ఇంకా ఘోరం. గంట సమయం ఉందనగా కోబయాషి జట్టు కారు ముందుంది. టైరు గాలి పోతోందని సెన్సర్ చెప్పింది. ఆగి ఆ టైరు మార్చారు. తీరా చూస్తే గాలి పోతున్నది ఆ టైరు కాదు, వేరే టైరు. సెన్సర్ తప్పుగా చూపించింది. మళ్ళీ ఆగాల్సి వచ్చింది. ఈలోగా అదే టయోటా జట్టు రెండో కారు దాటిపోయింది.

2021 ఆగస్టు 22న ఏడో నంబరు కారు 371 చుట్లు పూర్తి చేసి గెలిచింది. మైక్ కాన్వే, హోసే మరియా లోపెస్, కముయి కోబయాషి. ముగ్గురిదీ అదే తొలి లె మాన్ గెలుపు. ఆ ముగ్గురే 2019-20లో, 2021లో ప్రపంచ ఎండ్యూరెన్స్ చాంపియన్లు కూడా. ఈ మధ్యలో 2019, 2020 జనవరిల్లో అమెరికాలోని డేటోనాలో జరిగిన ఇరవై నాలుగు గంటల రేసును కూడా కోబయాషి వేరే జట్టుతో రెండుసార్లు గెలిచాడు.

2022 నుంచి టయోటా అతన్ని ఆ జట్టుకే అధిపతిని చేసింది. అయినా కారు నడపడం మానలేదు. ఆ ఏడాది లె మాన్‌లో అతని జట్టు మొదటి రెండు స్థానాలూ గెలుచుకుంది. అధిపతి నడిపిన ఏడో నంబరు కారు రెండోది. మొదటిది ఎనిమిదో నంబరు. అధిపతిగా మొదటి బహుమతి, డ్రైవర్‌గా రెండో బహుమతి. ఆ సాయంత్రం అతను నవ్వాడో, బాధపడ్డాడో గానీ రెండూ చేయడానికి హక్కుంది.

మన తెలుగు నేలకూ ఈ కథలో చిన్న తోక ఉంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఎన్టీఆర్ మార్గ్ మీద విద్యుత్ కార్ల రేసు, ఫార్ములా ఈ, జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. వలెన్సియాలో ఆఖరి మలుపు దగ్గర కోబయాషి దాటిన సెబాస్టియన్ బ్యూమి గుర్తున్నాడా? అతనూ ఆ రోజు హైదరాబాద్‌లో కారు నడిపాడు. లె మాన్‌లో టయోటా ఎనిమిదో నంబరు కారు డ్రైవర్లలో అతనొకడు. ఒకప్పటి ప్రత్యర్థి ఇప్పుడు కోబయాషి జట్టు మనిషి.

ఏం లాభం?

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రశ్నకు వద్దాం. వెళ్ళిపోయేచోట రాసి ఏం లాభం?

కోబయాషి నడిపిన ఏ కారూ అతనిది కాదు. టయోటాది, సౌబర్‌ది, ఫెరారీది, కేటరమ్‌ది. జట్లు మూతపడ్డాయి, సీట్లు వేరేవాళ్ళకు పోయాయి. ఒక దేశంలో పేరు పెట్టి అరిచిన జనం ఇంకో దేశంలో లేరు. అతనితో పాటు ఊరూరా వచ్చింది ఒకటే: ఎంత ఆలస్యంగా బ్రేకు వేయాలో తెలిసిన ఆ కాలు. అది అరువు సీట్లలోనే నేర్చుకున్నాడు. వేరేవాళ్ళ కారే కదా అని ఆ రెండు రేసుల్లో మెల్లగా నడిపి ఉంటే సౌబర్ సీటు లేదు. కారు గెలవదులే అని సౌబర్‌లో కూర్చుని ఉంటే సుజుకా లేదు.

మనకు కూడా బల్లలు, బడులు, క్వార్టర్స్ అరువే. ధౌలా కువాన్ మెట్రో నుంచి పింక్ లైన్‌కు వెళ్ళే ఆకాశ వంతెన మీద మీరు రోజూ నడుస్తారు. అవతలి స్టేషన్‌కు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు ఉంది. రాజమండ్రిలో పుట్టిన తెలుగు మహిళ ఆమె. ఈ ఊరు ఆమె సొంత ఊరు కాదు. అయినా ఇక్కడి తెలుగు పిల్లల కోసం ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించారు. ఆ సొసైటీ బడుల్లో పిల్లలు ఈనాటికీ చదువుకుంటున్నారు.

ఈ మాటలన్నీ ఆ అబ్బాయికి ఉపన్యాసంగా చెప్పలేదు. "నీ కోబయాషి గురించి నాకు తెలుగులో రాసి ఇస్తావా? ఆ ఖాళీ పేజీల్లోనే రాయి" అన్నాను. రెండు వారాలకు నాలుగు పేజీలు రాసుకొచ్చాడు. ఒత్తులు తప్పాయి, "జడపిన్ను" అనే మాట మాత్రం చక్కగా రాశాడు. ఆ తరువాత ఆగిపోయిన పాఠాలు కూడా ఒక్కొక్కటే మొదలుపెట్టాడు. డిసెంబరులో టీసీ తీసుకునే రోజుకు ఇంకా రెండు పాఠాలు మిగిలాయి. "జోధ్‌పూర్ వెళ్ళాక అమ్మ దగ్గర పూర్తి చేస్తాను మేడమ్" అన్నాడు. చేశాడో లేదో నాకు తెలియదు.

నేను మాత్రం జనవరిలో మా క్వార్టర్స్ వెనుక ఒక కరివేపాకు మొక్క నాటాను. నా బదిలీ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? వచ్చేదాకా నీళ్ళు పోస్తాను. ఆ తరువాత ఆ ఇంటికి వచ్చేవాళ్ళ పప్పుచారులోకి పనికొస్తుంది.